హంసధ్వనికి డిస్కో దరువు: కృతి చెడకుండా బీట్ మీద నిలబెట్టే పద్ధతి

కర్ణాటక సంగీతానికి డిస్కో బీట్ కుదురుతుందా అంటే కుదురుతుంది. అన్ని రాగాలకూ కుదరదు, అన్ని తాళాలకూ కుదరదు. పాటను లాక్కొచ్చి బీట్ వేగానికి తోస్తే అసలే కుదరదు. చెన్నైలో మార్గళి (డిసెంబరు-జనవరి) కచేరీలకు వెళ్లే వాళ్లలో చాలామంది డ్యాన్స్ పాటలూ ఇష్టంగా వింటారు. వాళ్లు రెండు చెవులతోనూ మనస్ఫూర్తిగా వినగలిగే ట్రాక్ ఎలా కట్టాలన్నదే ఇక్కడి విషయం. ఉదాహరణలన్నీ హంసధ్వని రాగం, ఆది తాళం మీదే ఇచ్చాం. శ్రుతి ఐదు, అంటే కీబోర్డు మీద జీ.

ముందు పాత ప్రయత్నాల సంగతి. 1976లో వాల్టర్ మర్ఫీ బీథోవెన్ ఐదో సింఫనీని డిస్కో చేసిన ట్రాక్ అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. సింఫనీ మొత్తాన్నీ మోయాలని చూడకుండా, అందరికీ తెలిసిన ఆ నాలుగు స్వరాల ముక్కను పట్టుకుని తిప్పడమే అందులోని కిటుకు. 1981లో లండన్ రాయల్ ఫిల్‌హార్మొనిక్ వాయించిన 'హుక్డ్ ఆన్ క్లాసిక్స్' బాగానే అమ్ముడైంది. కానీ రకరకాల నడకలున్న ముక్కలన్నిటినీ ఒకే వేగానికి కట్టేయడంతో ఏ ముక్కకీ ఊపిరి మిగల్లేదు. మనకు ఎక్కువ పనికొచ్చే పాఠం ముంబై నుంచి వచ్చింది. 1982లో చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 (బేస్, డ్రమ్, సింథ్) యంత్రాలతో పది హిందుస్తానీ రాగాలను డిస్కో బీట్ మీద రికార్డు చేశారు. ఆ రోజుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా విన్నది. ఆయన కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) వరస జోలికి పోలేదు. షడ్జాన్ని (స) పట్టుకుని ఉండే బేస్ మీద రాగాన్ని తన దారిన నడవనిచ్చారు. పైగా 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే సదుపాయం ఉంది, అది మన జారుకి దగ్గరగా ఉంటుంది.

మొదటి పని: వేగం

చాలా ట్రాకులు ఇక్కడే చెడిపోతాయి. డిస్కో నిమిషానికి 116 నుంచి 124 బీట్ల మధ్య నడుస్తుంది. 120 అనుకుందాం. ఒక అక్షరానికి (తాళంలో ఒక లెక్కకి) ఒక కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) అని లెక్క కడితే ఎనిమిది అక్షరాల ఆది తాళం ఆవర్తనం (ఒక చుట్టు) నాలుగు సెకన్లలో అయిపోతుంది. మధ్యమకాలంలో అక్షరానికి నాలుగు స్వరాలు పాడితే ఒక్కో స్వరానికి 125 మిల్లీసెకన్లే దక్కుతాయి. కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, ఒకసారి ఊగి రావడానికే సుమారు 200 మిల్లీసెకన్లు కావాలి. అంటే గమకానికి చోటే లేదు. గాయని ఎంత గొప్పదైనా ఆ వేగంలో గమకాలు రాలిపోయి, మిగిలేది హార్మోనియం మెట్లే.

అందుకని ఒక అక్షరానికి రెండు కిక్‌లు వేయండి. గాయనికి 60, డ్రమ్ముకి 120. అప్పుడు ఆవర్తనం ఎనిమిది సెకన్లు, పదహారు కిక్‌లు, పాశ్చాత్య లెక్కలో నాలుగు బార్లు (నాలుగు కిక్‌లకొక బారు). మొదటి నాలుగు అక్షరాల లఘువుకి రెండు బార్లు, తర్వాత రెండేసి అక్షరాలున్న రెండు ద్రుతాలకీ చెరో బారు. కృతి తన సహజమైన కాలంలోనే ఉంటుంది, కాళ్లు మాత్రం 120 దగ్గర ఆడతాయి. సాఫ్ట్‌వేర్‌లో 4/4, 120 పెట్టి, నాలుగు బార్లకొక గుర్తు వేసుకోండి. ప్రతి గుర్తూ ఒక సమం, అంటే ఆవర్తనం మొదలు.

ఈ లెక్కలో ఒక అందం ఉంది. డిస్కోలో ఎనిమిది బార్లకొకసారి కొత్త పొర వచ్చి చేరుతుంది: ముందు హై-హ్యాట్ (మూసి తెరిచే కంచు పళ్లేలు), తర్వాత బేస్, ఆ తర్వాత గిటారు, తీగ వాద్యాలు. ఎనిమిది బార్లంటే మనకు రెండు ఆవర్తనాలు. ఒక ఆవర్తనంలో ఇమిడే పల్లవి పంక్తిని ఒక్కో సంగతికి (అదే పంక్తిలో కొత్త మలుపుకి) రెండుసార్లు పాడే అలవాటు మనకు ఉండనే ఉంది. అంటే సంగతి మారినప్పుడల్లా ఒక పొర పెరుగుతుంది. అదే పంక్తిని మళ్లీ మళ్లీ పాడుతూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే గుణం రెంటికీ ఉమ్మడి. ఈ కలయిక నిలబడేది దాని మీదే.

ఎత్తుగడ, అంటే పాట మొదలయ్యే చోటు, ఎక్కడ పడుతోంది?

డిస్కోలో చప్పట్లు, స్నేర్ (చిన్న డ్రమ్ము) రెండో కిక్ మీద, నాలుగో కిక్ మీద పడతాయి. మన లెక్కలో అది ప్రతి అక్షరానికీ సరిగ్గా సగం. అర అక్షరం తర్వాత ఎత్తుకునే కృతి మొదటి స్నేర్ మీద మొదలవుతుంది. ఒకటిన్నర అక్షరం తర్వాత ఎత్తుకునేది నాలుగో కిక్ దగ్గర, అదీ స్నేర్ మీదే. అనాగత ఎత్తుగడ (సమం దాటాక మొదలయ్యేది) ఉన్న కృతులు బీట్ మీద అంత బిగువుగా కూర్చోవడానికి కారణం అదే. ముప్పావు అక్షరం ఎత్తుగడ అయితే రెండు కిక్‌ల మధ్య తెరుచుకునే హై-హ్యాట్ మీద పడుతుంది, అదీ బాగుంటుంది. సమం ఎత్తుగడ తప్పేమీ కాదు, కాకపోతే కొంచెం చప్పగా ఉంటుంది.

ఇక్కడే ఒక ప్రమాదం. చేత్తో తాళం వేసుకుంటూ పాడే వాళ్లకి స్నేర్ గట్టిగా వినిపిస్తే, రెండు మూడు ఆవర్తనాల్లోనే దాన్నే అక్షరం మొదలు అనుకుంటారు. తాళం అర అక్షరం పక్కకి జరిగిపోతుంది. జరిగిన సంగతి పాడే వాళ్లకి తెలియదు, వినేవాళ్లకి ఏదో తప్పినట్టు ఉంటుంది. అందుకని రికార్డింగులో హెడ్‌ఫోన్‌లోకి స్నేర్ ఇవ్వకండి. మామూలు టిక్ టిక్ క్లిక్ కూడా వద్దు. ఆది తాళం దెబ్బలు, వేళ్లు, విసుర్లకు వేరువేరు శబ్దాలు పెట్టి, సమానికి గంట పెట్టి, ఆ ట్రాక్ ఇవ్వండి. స్నేర్‌ని మిక్సింగులో కలుపుకోవచ్చు.

తాళాల విషయం తొందరగా చెప్పేస్తాం. ఆది తాళం చతురశ్ర గతి (అక్షరానికి నాలుగు మాత్రలు) అన్నిటికన్నా సుఖం. రూపకం కుదురుతుంది: మూడు అక్షరాల లెక్కలో రెండు ఆవర్తనాలకు మూడు బార్లు. తిశ్ర గతిలో అక్షరానికి ఆరు మాత్రలు పడితే కిక్‌కి మూడు, బీట్‌కి ఊగు వస్తుంది. ఐదు, ఏడు లెక్కల్లో నడిచే ఖండ చాపు, మిశ్ర చాపులతో మాత్రం కిక్ నొక్కు, తాళం నొక్కు ఆవర్తనం ఆవర్తనానికీ విడిపోతాయి. వినడానికి ఆసక్తిగా ఉండొచ్చు గానీ కాలు ఆడదు. కాలు ఆడనప్పుడు అది డిస్కో కాదు.

రాగం

స్వరం ఒకచోట స్థిరంగా నిలబడే రాగాలే బీట్‌ని భరిస్తాయి. హంసధ్వని, మోహనం, హిందోళం, కీరవాణి, చారుకేశి బాగా కుదురుతాయి. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ సృష్టి అని చెప్పే కదనకుతూహలం దీనికోసమే పుట్టిందా అన్నట్టు ఉంటుంది. ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వర సాహిత్యాలను కూడా చూడండి. చెన్నై పక్కనే ఉన్న మణలిలో దీక్షితుల కుటుంబం ఉన్న రోజుల్లో సెయింట్ జార్జి కోటలో వాయించే ఇంగ్లీషు బ్యాండు మెట్లు విని, వాటికి ఆయన సంస్కృత సాహిత్యం కట్టారు. గమకాలు లేని సూటి స్వరాలు కాబట్టి కార్డ్‌లకు అడ్డు రావు. చతురశ్ర నడక ఉన్నదాన్ని ఎంచుకుంటే చాలు.

తోడి, శహన, వరాళి, బేగడ, ఆనందభైరవి వైపు వెళ్లొద్దు. తోడిలో గాంధారం ఒక బిందువు కాదు, కదులుతూ ఉంటేనే అది తోడి గాంధారం. కింద సింథ్ మీద అదే గాంధారాన్ని కదలకుండా నాలుగు సెకన్లు మోగిస్తే గాయని తప్పు పాడుతున్నట్టు వినిపిస్తుంది. తోడే కావాలని పట్టుబడితే షడ్జ పంచమాలు తప్ప ఇంకే స్వరమూ వాద్యాల్లో వాడకండి.

శ్రుతి: పద్నాలుగు సెంట్ల తగాదా

ఎలక్ట్రానిక్ తంబురకు సన్నగా శ్రుతి సర్దే మీట ఉంటుంది. దాన్ని ట్యూనర్ పెట్టి ఏ 440 (కీబోర్డు 'ఏ' స్వరం 440 హెర్ట్జ్) లెక్కకు సరిచేయడం మొదటి పని. అది చేసినా ఒక తగాదా మిగులుతుంది. తంబుర మంద్ర షడ్జం తీగ మీటితే అందులోంచి అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది, అది తీగ ఐదో అనుస్వరం (హార్మోనిక్). షడ్జం జీ మీద 196 హెర్ట్జ్ అయితే సహజమైన గాంధారం 245. కీబోర్డు బీ 246.94. తేడా 14 సెంట్లు (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు). రెండూ కలిసి మోగితే సెకనుకు దాదాపు రెండుసార్లు శబ్దం అలలా లేచి పడుతుంది. నిషాదానికీ ఇలాగే, 12 సెంట్లు. ట్రాక్ ఎందుకో మురికిగా ఉందని ఈక్యూ (శబ్దంలో లోతు, పై భాగాలు సర్దే మీట) తిప్పుతూ కూర్చునే వాళ్లలో చాలామందికి అసలు జబ్బు ఇదే.

మందు రెండు రకాలు. స్వరం స్వరానికీ శ్రుతి మార్చుకోనిచ్చే సింథ్ అయితే గాంధారాన్ని 14, నిషాదాన్ని 12 సెంట్లు దించి, పంచమాన్ని 2, రిషభాన్ని 4 సెంట్లు పెంచండి. హంసధ్వనిలో పుట్టే మూడు కార్డ్‌లూ అప్పుడు స్వచ్ఛంగా మోగుతాయి. ఆ సదుపాయం లేకపోతే సింథ్ లోంచి గాంధార నిషాదాలు తీసేసి, ఆ రెండూ గాయనికే వదిలేయండి.

కార్డ్‌లు, బేస్

రాగంలో లేని స్వరం ఏ వాద్యంలోనూ వినిపించకూడదు. గొంతు ఒక్కటే నియమం పాటిస్తే సరిపోదు. హంసధ్వనిలో మధ్యమం, ధైవతం లేవు కాబట్టి వచ్చేవి మూడే: స గ ప, గ ప ని, ప ని రి. మన శ్రుతిలో జీ మేజర్, బీ మైనర్, డీ మేజర్. మోహనానికి స గ ప, ధ స గ. హిందోళంలో పంచమం లేదు కనుక షడ్జం మీద మూడు స్వరాల కార్డే కట్టలేం. మ ధ స, ధ స గ వాడాలి, తంబురను కూడా మధ్యమానికి కలపాలి.

కార్డ్ ఎక్కడ మారాలి అన్నది ఏ కార్డ్ అన్నదానికంటే ముఖ్యం. లఘువు రెండు బార్లూ స గ ప మీద ఉంచి, మొదటి ద్రుతం దగ్గర గ ప ని, రెండో ద్రుతం దగ్గర ప ని రి వేసి చూడండి. తాళం తెలియని వాళ్లు కూడా సమం ఎప్పుడొస్తుందో ఒంట్లోనే పసిగడతారు, ఎందుకంటే పంచమం మీది కార్డ్ షడ్జానికి తోస్తుంది. బారు బారుకీ, అరబారుకీ కార్డ్ మారిస్తే ఆది తాళం అంగాలు చెరిగిపోయి, సాధారణ సినిమా పాట నడకే మిగులుతుంది.

డిస్కో బేస్ కింది స్థాయి షడ్జం, పై స్థాయి షడ్జం మధ్య ఎగురుతుంది. రాగానికి దానివల్ల హాని లేదు. హాని చేసేది బేస్ వాయించేవారు అలవాటుగా మధ్యలో వేసే ఎగబాకుడు స్వరాలు. పంచమం నుంచి షడ్జానికి పోతూ ధైవతాన్ని తాకితే హంసధ్వని పోయినట్టే. రాసిచ్చి వాయింపించండి. ఫ్రెట్లున్న గిటారు మీద గాంధారం 14 సెంట్లు ఎక్కువే ఉంటుంది, కాబట్టి బేస్‌ని షడ్జ పంచమాల మీదే ఉంచడం మేలు.

కిక్‌కి కూడా శ్రుతి ఉంటుంది. ఐదు శ్రుతికి 49 హెర్ట్జ్ దగ్గర కలపండి, అది అతి మంద్ర షడ్జం. మగ గొంతు ఒకటిన్నర శ్రుతి అయితే షడ్జం 34.6 దగ్గర పడుతుంది, చిన్న స్పీకర్లు దాన్ని పలకలేవు. అప్పుడు కిక్‌ని పంచమానికి, అంటే 52 దగ్గరికి కలపండి.

మృదంగం

మృదంగాన్ని డ్రమ్ లూప్ మీద అలంకారంలా పరిచేస్తే అవమానించినట్టు ఉంటుంది, వినడానికీ గజిబిజిగా ఉంటుంది. దానికో వంతు కావాలి. తొప్పి (మృదంగం ఎడమ పక్క), బేస్ ఒకే లోతులో పలుకుతాయి. ఆ గొడవ ఈక్యూతో పూర్తిగా తీరదు. బేస్ నడిచే ఆవర్తనాల్లో కుడి పక్క దెబ్బలు ఎక్కువ వాడమని, బేస్ ఆగిన చోట తొప్పికి పూర్తిగా వదిలేస్తామని విద్వాంసుడితో ముందే మాట్లాడుకోండి. కుడి పక్కకొకటి, ఎడమ పక్కకొకటి మైకులు, 15–20 సెంటీమీటర్ల దూరంలో. తొప్పికి అంటించిన రవ్వ ముద్ద స్టూడియో ఏసీకి ఆరిపోయి శబ్దం పైకి లేస్తుంది. టేక్‌కీ టేక్‌కీ మధ్య తడి చూసుకోమనండి, లేకపోతే అతికించేటప్పుడు రెండు టేకులు రెండు మృదంగాల్లా వినిపిస్తాయి.

ముక్తాయింపు (మూడుసార్లు వాయించి సమం మీద ముగించే జతి) ఎలా కలపాలో దగ్గరగా చూద్దాం. అక్షరానికి నాలుగు మాత్రలు. రెండు ద్రుతాల్లో పదహారు మాత్రలు, ఎనిమిది కిక్‌లు. 'తదిగిణతొం' ఐదు మాత్రలు. మూడుసార్లు, మధ్యలో ఒక్కో మాత్ర విరామంతో వాయిస్తే:

త ది గి ణ తొం – త ది గి ణ తొం – త ది గి ణ | తొం

మొదటి ద్రుతం మొదట్లో ఎత్తుకుంటే చివరి తొం సరిగ్గా సమం మీద పడుతుంది. మొదటి తొం మూడో కిక్ మీద, రెండో తొం ఆరో కిక్ మీద పడతాయి. కాబట్టి ఈ ఎనిమిది కిక్‌లలో మూడు, ఆరు మాత్రమే ఉంచి మిగతావి తీసేయండి. మృదంగం, కిక్ ఒకే మాట చెబుతాయి, సమం దగ్గర అన్నీ కలిసి దిగుతాయి. కిక్‌ని మామూలుగా నడవనిస్తే ముక్తాయింపు ఉన్నా లేనట్టే.

సరిచేసే మీటలతో జాగ్రత్త. మృదంగం దెబ్బలన్నిటినీ గ్రిడ్‌కి (సాఫ్ట్‌వేర్ కాలం గీతలకి) అంటించకండి. సమాన్ని సరిచూసి మధ్యలోవి వదిలేయండి. గొంతు మీద ఆటోట్యూన్ వద్దే వద్దు, అది కంపితాన్ని తప్పుగా భావించి చదును చేస్తుంది.

తీగ వాద్యాలు, సాహిత్యం

డిస్కోకి వయొలిన్ల గుంపు ప్రాణం. చెన్నై కోడంబాక్కం స్టూడియోల్లో సినిమా పాటలకు వాయించే వాళ్లు స్టాఫ్ నొటేషన్ చదువుతారు, క్లిక్ మీద తడబడరు. కానీ పదిమందితో ఒకే గమకం వాయింపిస్తే పది ఊగుళ్లు కలిసి మసకబారుతుంది. గమకం ఉన్న పంక్తిని ఒక్క కర్ణాటక వయొలిన్‌కి ఇచ్చి, గుంపుకి పంక్తి చివర పొట్టి సూటి స్వరాలు ఇవ్వండి. మృదంగ విద్వాంసులు, గాయకులు డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా దొరకరు, దొరికినా గొంతులు అలిసి ఉంటాయి. ఫిబ్రవరికి పెట్టుకోండి.

సాహిత్యం చాలావరకు మన తెలుగే కనుక ఈ బాధ్యత మనకు ఇంకొంచెం ఎక్కువ. లూప్ కోసం గొంతును కోసేటప్పుడు కత్తెర స్వరం దగ్గర కాదు, మాట దగ్గర పడాలి. త్యాగరాజ స్వామి 'మరుగేలరా' అన్న చోట కోసి 'గేలరా గేలరా' అని తిప్పితే అర్థం లేని శబ్దం అవుతుంది. మాటను నిండుగా ఉంచి తిప్పండి. త్యాగరాజ స్వామి 1847లో, దీక్షితులు 1835లో కన్నుమూశారు, వాళ్ల కృతులకు కాపీరైట్ లేదు. వాగ్గేయకారుడు పోయి అరవై ఏళ్లు దాటకపోతే వారసుల అనుమతి కావాలి. పాత రికార్డు లోంచి గొంతు తీసుకుంటే ఆ రికార్డు హక్కు వేరే ఉంటుంది.

అమరిక

ముందు ఆలాపన, తంబుర మాత్రమే, నలభై సెకన్ల లోపు, గ్రిడ్ లేకుండా. తర్వాత నాలుగు నిమిషాలంటే ముప్పై ఆవర్తనాలు. పల్లవికి సంగతులతో ఎనిమిది: మొదటి రెండింటిలో హై-హ్యాట్ మాత్రమే, మూడో ఆవర్తనం సమం దగ్గర కిక్ దిగాలి. వాద్యాలకు నాలుగు, అనుపల్లవికి నాలుగు, చిట్టస్వరానికి (ముందే కట్టి ఉంచిన స్వరాల వరసకి) రెండు. చిట్టస్వరం రెండో కాలంలో అక్షరానికి ఎనిమిది స్వరాలు, ఒక్కోటి 125 మిల్లీసెకన్లు. గమకం పట్టదని ఇందాక చెప్పింది ఈ వేగమే. కానీ సూటి స్వరాలతో కట్టిన హంసధ్వని చిట్టస్వరానికి ఇక్కడ అది వరం, సింథ్‌తో జంటగా పరిగెత్తించండి. ఆ తర్వాత కిక్, బేస్ ఆపి మృదంగానికి నాలుగు, చివర ముక్తాయింపు. చరణానికి నాలుగు, మళ్లీ పల్లవికి నాలుగు.

మిక్స్‌లో కిక్ పడినప్పుడల్లా తంబుర రెండు మూడు డెసిబెల్స్ తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టండి, అంతకు మించితే శ్రుతి ఊగుతున్నట్టు ఉంటుంది. గొంతుకి 100 హెర్ట్జ్ కింద కోత, ప్రతిధ్వని సెకనున్నర లోపు.

పూర్తయ్యాక రెండు పరీక్షలు. డ్రమ్ములు, బేస్ ఆపేసి, సంగీతం నేర్చుకున్న వాళ్లకి వినిపించండి. ఒక్క పంక్తిలో రాగం పేరు చెప్పగలగాలి. తర్వాత గొంతు, మృదంగం ఆపేసి, మిగిలిన దాని మీద మీరే చేత్తో ఆది తాళం వేయండి. నాలుగైదు ఆవర్తనాలకు సమం దొరక్కపోతే లోపం బీట్‌లో ఉండదు, కార్డ్‌లు మారే చోట్లు సరిచూసుకోండి.